అది పేగు కాదు

“పేగు, పేగు అని ఆ మాటతోనే చంపారు వాటిని. కత్తి మాంసం కొట్టాయనదే కావచ్చు, చంపింది మాత్రం మీ నోరు.”

కండక్టరమ్మ ఆ మాట దాణా షాపాయన మొహం మీదే అనేసింది. అని ఊరుకోలేదు. పెరటి గుమ్మం దగ్గర కోళ్ల బుట్టలతో నిలబడ్డ ఆడవాళ్ల వైపు తిరిగి, “మీరూ అంతే. ఆయన అన్నాడు, మీరు తలలూపారు. గంగిరెద్దు నయం, దానికి డోలైనా కొట్టాలి” అంది.

పోయినవారం మనం ఆగింది ఈ గుమ్మం దగ్గరే. వెనకటి భాగాలు చదవనివాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్తాను, చదివినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. పనిచేసే బిస్కట్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక కండక్టరమ్మ కోడలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వీధిలో ఆడవాళ్లను కూడగట్టింది. ఇంటి వెనక ఉన్న కాస్త జాగాలో కోళ్లు పెంచుదాం, గుడ్లు హాస్టలు వంటశాలకి వేద్దాం, నాది పూచీ అంది. దాణా షాపాయన పెట్టపిల్లల్ని తెచ్చిచ్చాడు. దాణా ఇచ్చాడు. గూట్లో బల్బు రాత్రంతా వెలగనివ్వండి, గుడ్లు దబదబా పడతాయి అని సలహా కూడా ఇచ్చాడు. పడ్డాయి. అందరూ ఆయన్ని ఆకాశానికెత్తారు. ఆ తర్వాత ఒక్కో పెట్టకీ వెనక నుంచి ఎర్రటి ముద్ద బయటికి రావడం మొదలైంది. “పేగు జారింది. పేగు జారిన కోడి బతకదు. మిగతావాటికి అంటుకోకముందే కోసెయ్యండి” అన్నాడు. కోశారు. ఇంకోటి జారితే దాన్నీ కోశారు. చివరికి భయం పట్టుకుంది. బాగున్న కోళ్లనీ కలిపి వీధి మొత్తం మాంసం కొట్టుకి అమ్మేసేలా షాపాయనే బేరం కుదిర్చాడు. వ్యాను వీధి మలుపులో ఆగి ఉంది. పొద్దుగూకేలోగా అన్నీ ఎక్కాలి.

అవి ఎక్కితే కోడలి పని అయిపోయినట్టే. గూళ్లు మళ్లీ కట్టుకోవచ్చు. “నాది పూచీ” అన్న మాటని మళ్లీ ఎవరు నమ్ముతారు?

ఆ కోడలే ఇప్పుడు పెరట్లో నిలబడి ఉంది, చంకలో ఎర్ర పెట్టని పట్టుకుని. మధ్యాహ్నం దానికీ ముద్ద బయటపడింది. దాని పేరు ఎక్స్‌ప్రెస్. వీధిలో అన్నిటికంటే ముందు గుడ్డు పెట్టింది అదే కాబట్టి కండక్టరమ్మ ఆ పేరు పెట్టింది. ఆవిడ పెట్టిన పేర్లన్నీ అలాంటివే. తిండి దగ్గరికి ఆఖరున వచ్చేది లాస్ట్ బస్సు. నాలుగడుగులకోసారి ఆగేది ఆర్డినరీ. ఆవిడ రిటైరైంది గానీ ఆవిడలో బస్సు రిటైరవలేదు.

“కండక్టరమ్మగారూ,” అన్నాడు షాపాయన, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. “మీరు పెద్దవారు. కాదనను. కానీ బస్సు వేరు, కోడి వేరు.”

“రెండిటికీ వెనక తలుపుంటుందిలే బాబూ. అది మూసుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.”

బుట్టలు పట్టుకున్నవాళ్లలో ఒకళ్లిద్దరు నవ్వారు. ఇస్త్రీ బండి వదిన మాత్రం నవ్వలేదు. అందరికంటే ముందు బుట్ట కట్టింది ఆవిడే.

“నవ్వులాట కాదత్తయ్యా,” అంది కోడలు గొంతు దించి. “కళ్లముందు కనిపిస్తోంది కదా. పేగు కాకపోతే ఏంటిది?”

“అడుగు. తెలిసినవాళ్లని అడుగు. నీ దగ్గర డాక్టరమ్మ ఫోను నంబరు ఉందిగా. టీకాలకి వచ్చినప్పుడు ఇచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదు?”

కోడలు చంకలో పెట్టని సర్దుకుని ఫోను తీసింది. ఆమె స్థానంలో మనమైతే మాత్రం ముందే చేసేవాళ్లమా? బతకదు అని ఒకడు గట్టిగా అంటే చాలు, ఇంకెవర్నీ అడగం. పోయేదాని కోసం ఫోనెందుకు అనుకుంటాం. ఆ మాటలో ఉన్న సుఖం అది. అన్నవాడికీ సుఖం, విన్నవాడికీ సుఖం. చచ్చేది కోడి.

ఫోను చేసింది. రెండోసారికి పశువుల డాక్టరమ్మ ఎత్తింది. ఎత్తింది ఆవిడ కాదు, ఎవరో పట్టుకుని చెవి దగ్గర పెట్టినట్టున్నారు. వెనక ఆవు అరుపు.

“త్వరగా చెప్పమ్మా. నా ఒక చెయ్యి ఆవు కడుపులో ఉంది. దూడ అడ్డం తిరిగింది.”

కోడలు స్పీకరు పెట్టింది. చెప్పింది. చెప్తూ చెప్తూ “పేగు జారింది మేడమ్” అంది అలవాటుగా.

“పేగని ఎవరన్నారు?”

షాపాయన గూటి రేకు వైపు చూశాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు.

“అది పేగు కాదమ్మా. గుడ్డు వచ్చే దారి. గుడ్డు పెట్టేటప్పుడు ప్రతి పెట్టకీ కాస్త బయటికొస్తుంది, గుడ్డు పడగానే లోపలికి పోతుంది. ఒక్కోసారి పోదు. అంతే. రంగు చెప్పు. ఎరుపా, నలుపా?”

“ఎరుపే. దానిమ్మ గింజలా ఉంది.”

“వాసన?”

కండక్టరమ్మ వంగి ముక్కు పెట్టి చూసింది. షాపాయన మొహం తిప్పుకున్నాడు. “లేదు. కోడి వాసనే.”

“మంచిది. ప్రాణమున్న కండే. నల్లబడితే, కుళ్లు వాసనొస్తే నేనూ ఏం చెయ్యలేను. లోపల గుడ్డేమైనా ఇరుక్కుందేమో చూడండి. గోళ్లు తీసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, మెల్లగా.”

గోళ్ల సంగతి వచ్చేసరికి కోడలు తన వేళ్లు చూసుకుని వెనక్కి తగ్గింది. కండక్టరమ్మ వేళ్లు ముందుకొచ్చాయి. జీవితమంతా టికెట్లు చింపిన వేళ్లు. గోరు కాస్త పెరిగితే కాగితం చిరుగుతుందని చివరంటా తీసేసే అలవాటు ఆవిడకి ఇంకా పోలేదు. కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా తోముకుని వచ్చింది. కోడలు మోకాళ్ల మీద కూర్చుని పెట్టని తలకిందులు కాకుండా ఒడిలో అదిమిపట్టుకుంది. రెక్కలు కదలకుండా పాత తువ్వాలు చుట్టింది. ఎక్స్‌ప్రెస్ ఒకసారి కాళ్లు ఝాడించి ఊరుకుంది.

“గుడ్డు తగల్లేదు,” అంది కండక్టరమ్మ.

“సరే. గోరువెచ్చటి నీళ్లలో కాస్త ఉప్పు వేసి కడగండి. రుద్దకండి. పొయ్యడమే. ఇసుక, రెట్ట, ఏదీ అంటుకుని ఉండకూడదు. ఆ తర్వాత దానిమీద పంచదార చల్లండి.”

“పంచదారా?” అన్నారు నలుగురు ఒక్కసారే.

“వాపులో నీరుంటుంది. పంచదార ఆ నీటిని లాగేస్తుంది. ముద్ద చిన్నదవుతుంది. అప్పుడు వేలికి వాజలైన్ రాసుకుని మెల్లగా లోపలికి. బలం వద్దు. అది పోనంటే ఆగండి, పోతానంటే పోనివ్వండి. పోయాక అరచెయ్యి అడ్డం పెట్టి పట్టుకుని కూర్చోండి. ఏయ్, తాడు గట్టిగా పట్టుకో. మీతో కాదమ్మా, ఇక్కడ. ఆఁ, దూడ కాలు దొరికింది.”

ఫోను కట్టయిపోయింది.

ఇంట్లో పంచదార డబ్బా తీస్తే అడుగున చీమలు తప్ప ఏం లేవు. కోడలి మొహం పాలిపోయింది. ఇంత చిన్న వస్తువు దగ్గర ఆగిపోతుందా? అప్పుడు ఇస్త్రీ వదిన బుట్ట కింద పెట్టింది. గోడ పక్క సందులోంచి తన ఇంటికి పరుగెత్తింది. వచ్చేటప్పుడు డబ్బా మూత లేకుండానే వచ్చింది, దారంతా పంచదార ఒలకపోసుకుంటూ.

“చీమలకి మీ ఇంటి అడ్రసు ఇచ్చేశావు వదినా,” అంది వెనక నుంచి ఎవరో.

“ఇస్తే ఇచ్చాను. అవైనా తింటాయి. ముందు కోడి సంగతి చూడు,” అంది ఇస్త్రీ వదిన రొప్పుతూ.

ఇంతవరకూ కోడలు ఆ మనిషిని శత్రువనుకుంది. పదిమంది ముందు “నీ పూచీ మా కొంప ముంచింది” అన్నది ఈవిడే. ఇప్పుడు ఆవిడ డబ్బాతో వస్తే కోడలు పక్కకి జరిగి చోటిచ్చింది. మనుషుల గురించి తొందరపడి రాసుకున్న తీర్పులన్నీ ఇలా సందులో పరుగెత్తుకొచ్చి తప్పని తేలిపోవాలి. అంతకన్నా కావలసిందేముంది.

నీళ్లు పోశారు. పంచదార చల్లారు. ఎర్ర ముద్ద మీద గింజలు మెరిశాయి, ఆపైన కరిగాయి, చుక్కలు చుక్కలుగా నీరు కారింది. కళ్లముందే ముద్ద ముడుచుకుంటోంది. గుమ్మం దగ్గర ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. బుట్టల్లో కోళ్లు మాత్రం కొక్కొక్కమంటూనే ఉన్నాయి.

కండక్టరమ్మ వేలికి వాజలైన్ రాసుకుంది. “పోదాం పద ఎక్స్‌ప్రెస్,” అంది దానితో. “లోపల ఖాళీ ఉంది. తోసుకోకుండా వెళ్లు.”

వెళ్లింది. ఒకసారి ఆగింది. ఆవిడా ఆగింది. మళ్లీ వెళ్లింది. చివరి అంచు లోపలికి జారుకున్నాక అరచెయ్యి దానికి ఆనించి, కదలకుండా కూర్చుంది.

“మనవల్ల కాదనుకున్నా,” అంది కోడలు. తువ్వాలు వదులు చెయ్యబోయింది.

“అయిపోలేదు. ఇంకా పట్టుకోవాలి.”

షాపాయన అక్కడే నిలబడి ఉన్నాడు. పోనూ పోలేదు, లోపలికీ రాలేదు. “ఇలా లోపల పెట్టినా మళ్లీ వస్తుంది,” అన్నాడు. కానీ ఇందాకటి ధీమా ఆ గొంతులో లేదు.

“రావచ్చు,” అంది కండక్టరమ్మ. “వస్తే మళ్లీ పెడతాం. నీ షాపు షట్టరు ఒకసారి జారిందని షాపు కూల్చేశావా?”

మళ్లీ నవ్వులు. ఈసారి షాపాయన పెదవి కూడా కాస్త కదిలింది.

అలా కూర్చున్నారు. ఒకరి ఒడిలో కోడి, ఒకరి అరచెయ్యి కోడికి ఆనించి, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. ఈ ఇంటికి కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ అత్తాకోడళ్లు అంత దగ్గరగా కూర్చున్నది లేదు. ఆవిడ నోట్లోంచి ఒక మంచి మాట రావడమంటే కండక్టరు దగ్గర చిల్లర రావడమే. ఎదురుచూసి ఎదురుచూసి దిగిపోవడమే తప్ప దొరకదు. కోడలు అలా సరిపెట్టుకుని చాలాకాలమైంది.

“అత్తయ్యా,” అంది. “డాక్టరమ్మకి చదువుంది, చెప్పింది. ఆవిడ చెప్పకముందే మీకెలా తెలుసు పేగు కాదని?”

కండక్టరమ్మ కోడి వైపే చూస్తూ ఉంది. చెప్పదేమో అనుకుంది కోడలు.

“నాకూ జారింది కాబట్టి.”

పెద్దగా అనలేదు. అయినా అందరికీ వినబడింది. ఇస్త్రీ వదిన పంచదార డబ్బా చేతిలో పట్టుకునే గోడకి చేరగిలబడింది. షాపాయన చెప్పులు సర్దుకుని గుమ్మం అవతలికి వెళ్లిపోయాడు. ఈ ఒక్క పని ఆయన మర్యాదగా చేశాడని రాసిపెట్టాలి.

“మీ ఆయన పుట్టిన కొత్తల్లో. పచ్చి బాలింతని. డ్యూటీకి రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామన్నారు. ఎక్కాను. మాది గుంతల రూటు. బస్సు ఎగిరినప్పుడల్లా కడుపులో ఏదో దిగుతున్నట్టుండేది. ఒకరోజు స్నానాల గదిలో చేతికి తగిలింది. మా అత్తకి చూపించాను. పేగు జారింది అంది.” ఆవిడ ఒక్కసారి ఊపిరి తీసుకుంది. “ఇదే మాట. పేగు జారినదానివి, ఎన్నాళ్లో బతకవు, ఎవరితోనూ అనకు, మగాళ్ల చెవిన పడితే పరువు పోతుంది అంది. ఆవిడ చెడ్డదేం కాదు. ఆవిడకి ఎవరో అలా చెప్పి ఉంటారు.”

“మామయ్యకి?”

“చెప్పలేదు. రోజూ పొద్దున పిల్లాణ్ణి ముద్దుపెట్టుకుని, ఇవాళే ఆఖరేమో అనుకుని డ్యూటీకి పోయేదాన్ని. ప్రతి స్టేజీలోనూ విజిల్ ఊదేటప్పుడు అనుకునేదాన్ని, ఈ స్టేజీ దాటానంటే ఇంకో స్టేజీ బతికినట్టే అని. అలా ఎన్నేళ్లు తిరిగానో.”

ఆవిడ అరచెయ్యి కోడికి ఆనించే ఉంది.

“మా బస్సులో ఒక నర్సమ్మ ఎక్కేది. ఆసుపత్రి స్టేజీలో దిగేది. ఒకరోజు దిగకుండా కూర్చుంది. అందరూ దిగాక నా దగ్గరకొచ్చి, ఏమ్మా, కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడతావేం, కింద ఏమైనా ఇబ్బందా అని అడిగింది. అలా ఎవరూ అడగలేదే, ఒక్కరు కూడా. ఏడ్చేశాను. పేగు జారిందమ్మా అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, పేగు కాదు తల్లీ, గర్భసంచి, దానికి మందుంది, రా అంది. ఆసుపత్రిలో లోపల ఒక రింగు పెట్టారు. అంతే. ఇంత చిన్నది, గాజు పాటిది. దాంతో రిటైరయ్యేదాకా నిలబడ్డాను.”

“ఆ నర్సమ్మ ఇప్పుడు…”

“తెలీదు. ఏదో ఊరు మారింది. ఆవిడ ఎక్కినప్పుడల్లా సీటు ఖాళీ చేయించేదాన్ని. ఎవడు కూర్చున్నా లేపేదాన్ని. ఒకసారి మా డిపో మేనేజర్నే లేపాను. థ్యాంక్స్ అని మాత్రం నోరు తెరిచి చెప్పలేదు. చెబుదామనుకునేలోపు ఆవిడ స్టేజీ వచ్చేసేది.”

కోడలు ఒక చేత్తో కోడిని పట్టుకుని, రెండో చేత్తో పైట చెంగు లాగి అత్తగారి నుదుటి మీద చెమట తుడిచింది. కండక్టరమ్మ వద్దనలేదు. కళ్లు మాత్రం మూసుకుంది.

“నేను చెప్తున్నానత్తయ్యా. థ్యాంక్స్. కోడి కోసం కాదు. ఇంతమందిలో నోరు తెరిచి చెప్పినందుకు.”

“సరేలే. ఇంగ్లీషు చాలు.”

“ఆ రింగు ఎప్పుడు మార్పించుకున్నారు?”

“ముందు కోడి సంగతి చూడు.”

“చూస్తున్నాను. రేపు డాక్టరమ్మ వచ్చి దీన్ని చూస్తుంది. అటునుంచి అటే మనం ఆసుపత్రికి వెళ్తున్నాం. మీరు వద్దన్నా సరే.”

ఇస్త్రీ వదిన గోడ దగ్గర్నుంచి అంది, ఎవరి వైపూ చూడకుండా, “నన్నూ తీసుకెళ్తావా?”

ఎన్ని పేగులు జారాయో ఈ దేశంలో, ఈ వీధుల్లో, ఈ ఇస్త్రీ బండ్ల వెనక. ఎవరో ఒకరు ఒక తప్పు మాట అని నోరు మూయించిన ఆడవాళ్లు ఎంతమందో. వాళ్ల కోసం బస్సు దిగకుండా కూర్చున్న ఆ ఒక్క నర్సమ్మకి ఈ పేజీలోంచే దండం పెడుతున్నాను.

“తీసుకెళ్తాను వదినా,” అంది కోడలు.

కండక్టరమ్మ అరచెయ్యి మెల్లగా తీసింది. అందరూ వంగి చూశారు. ముద్ద లేదు. తడిసిన ఈకలు, వాటి మధ్య మూసుకున్న చిన్న నోరు. ఎక్స్‌ప్రెస్ ఒకసారి ముక్కి, రెట్ట వేసి, తలెత్తి అందర్నీ కోపంగా చూసింది. ఆ రెట్టని చూసి జనం అంత సంతోషించడం నేనెక్కడా చూడలేదు.

మళ్లీ ఫోను మోగింది. “దూడ బతికింది,” అంది డాక్టరమ్మ. “మీ కోడి?”

“లోపలికి పోయింది మేడమ్. ఆగింది.”

“చాలా సంతోషం. వేరుగా, చీకటిగా ఉన్న చోట పెట్టండి. మిగతావి ఎర్రగా కనబడితే పొడుచుకు తింటాయి. మీరు అంటురోగం అనుకున్నది అదే అయ్యుంటుంది. ఇవాళ్టికి నీళ్లు, కాస్త ఆకుకూర చాలు. కొన్నాళ్లు గుడ్డు పెట్టకూడదు అది, దాని ఒళ్లు కుదుటపడాలి. ఇంతకీ గూట్లో లైటు ఎంతసేపు వేస్తున్నారు?”

“రాత్రంతా,” అంది కోడలు.

“పెట్టపిల్లలకా? తీసెయ్యండి. ఒళ్లు నిండకముందే గుడ్డుకి తొందరపెడితే ఇలాగే అవుతుంది. కండకి బిగువుండదు. దాణా కూడా పెద్ద పెట్టలదే పెడుతున్నారా? దాని సంగతి రేపొచ్చి చూస్తాను. ఈలోగా ఒక్కదాన్ని కూడా కొయ్యకండి.”

అందరి కళ్లూ గుమ్మం వైపు తిరిగాయి. షాపాయన మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

“నావైపు చూస్తారేం?” అన్నాడు. “తొందరగా గుడ్లు కావాలన్నది మీరు కాదా? వారం ఆలస్యమైతే నా షాపు ముందుకొచ్చి అడిగింది మీరు కాదా? మా నాన్న కూడా పేగనే అనేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నాను. నాకు మాత్రం కోళ్లు చావాలని ఉంటుందా?”

అది అబద్ధం కాదు. తొందర అందరిదీ. ఆ తొందరని బల్బు పెట్టి వెలిగించింది ఆయన, స్విచ్చి వేసింది వీళ్లు. కోడలు తల దించుకోలేదు గానీ ఒప్పుకుంది. “నిజమే అన్నా. మేమూ అడిగాం. కానీ మేం అడిగింది గుడ్లు. చంపమని కాదు.”

ఇస్త్రీ వదిన తన బుట్ట తాడు విప్పింది. కోళ్లు బయటికి దూకి పెరట్లో ఒలికిన పంచదార మీద పడ్డాయి. ఆవిడని చూసి ఇంకొకావిడ. ఆ తర్వాత ఇంకొకావిడ. మేడమీది అక్క ఇంకా ఆలోచిస్తూ నిలబడితే కండక్టరమ్మ, “దిగేవాళ్లు దిగండమ్మా, దారికి అడ్డం నిలబడొద్దు” అంది. ఆవిడా విప్పింది.

ఎక్స్‌ప్రెస్‌ని అటకెక్కాల్సిన పాత అట్టపెట్టెలో పెట్టి, పైన గోనె కప్పి, కోడలు చేతులు కడుక్కుంది. వీధి నిలబడింది. మాట నిలబడింది. అందర్నీ ఒక్కొక్కరినీ కృతజ్ఞతగా చూస్తోంది, షాపాయన్ని కూడా, పోనీలే పాపం అన్నట్టు.

అప్పుడు ఆయన అన్నాడు, తనలో తను అనుకున్నట్టే: “సరే, వ్యాను వాడికి చెప్తాను. వెనక వీధి లోడుతోనే పొమ్మని.”

“వెనక వీధి లోడేంటి?”

“పొద్దున్నే ఎక్కించాంగా. వాళ్ల కోళ్లూ మీకు తెచ్చిన ఈ లాటులోవే. అక్కడా రెండిళ్లలో పే…” ఆయన నాలుక కరుచుకున్నాడు. “అదే. జారాయి.”

వెనక వీధి. అక్కడి ఆడవాళ్లు షాపాయన్ని చూసి కొనలేదు. కోడలిని చూసి కొన్నారు. ఫ్యాక్టరీలో ఆమె పక్క బెంచీ వాళ్లు. ఇంటింటికీ వెళ్లి నాది పూచీ అని చెప్పింది ఆమె.

వీధి మలుపులో ఇంజను స్టార్టయిన చప్పుడు వినబడింది.

కోడలు పరుగెత్తింది. చెప్పుల్లేవు, చేతుల తడి ఆరలేదు. వెనక ఇస్త్రీ వదిన, ఆ వెనక మిగతావాళ్లు, అందరికంటే వెనక పొత్తికడుపు ఒక చేత్తో అదిమిపట్టుకుని కండక్టరమ్మ. వ్యాను కదిలింది. కోడలు దాని ముందుకెళ్లి బానెట్ మీద రెండు చేతులూ వేసింది. డ్రైవరు బ్రేకు వేసి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“పక్కకి జరగక్కా. కొట్టు మూసేస్తారు. నాకు బేరం కుదిర్చినాయన ఉన్నాడు, ఆయన్ని అడుగు.”

“ఆయన్నీ అడుగుతాను. ముందు నువ్వు ఇంజను ఆపు తమ్ముడూ.”

వాడు ఆపలేదు. వ్యాను కుదుపుకి పైన క్రేట్లు ఒకదాన్నొకటి రాసుకున్నాయి. కోడలు తలెత్తి చూసింది. పై వరసలో మూల క్రేటు. ఊచల మధ్య తెల్ల పెట్ట ఒకటి నక్కి కూర్చుంది. దాని వెనక ఎర్రగా వేలాడుతోంది. చుట్టూ ఉన్న కోళ్లు ఆ ఎరుపుని చూశాయి. ఒకటి మెడ సాచి పొడిచింది. రెండోది పొడిచింది.

షాపాయన అప్పుడే రొప్పుతూ వచ్చి ఆగాడు. ఆయనా పైకి చూశాడు.

“తమ్ముడూ, ఆ మూల క్రేటు దించు,” అంది కోడలు, బానెట్ మీద చేతులు తియ్యకుండా. “ముందు అది. ఆ తర్వాత అన్నీ. ఒక్కోదాన్నీ తిప్పి చూసేదాకా ఈ బండి కదలదు. వదినా, ఉప్పు నీళ్లు, పంచదార. షాపన్నా, మీరు వెనక వీధికి నడవండి. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, పేగన్న ఆ నోటితోనే, అది పేగు కాదని చెప్పండి. వాళ్ల గూళ్లలో మీరు పెట్టించిన బల్బులు మీ చేత్తోనే ఊడదీయండి. రేపు కాదన్నా. నేను ఇక్కడ బండి ఆపి ఉంచుతాను, మీరు ఇప్పుడే వెళ్లండి.”